ఎంఎస్ వల్ల మతిమరుపు, బ్రెయిన్ ఫాగ్ ఉందా? మీ ఫోన్‌ని ఇలా మార్చుకోండి

ఫోన్ రివ్యూలు రాసే చోట నరాల జబ్బు గురించి ఆర్టికల్ ఏంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. మల్టిపుల్ స్క్లీరోసిస్, అంటే ఎంఎస్, ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఈఎంఐలు అన్నీ నెత్తిమీద ఉండే వయసు అది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ వయసు వాళ్లకి ఆఫీస్ పని, బ్యాంక్, పిల్లల స్కూల్ మెసేజ్‌లు అన్నీ ఫోన్‌లోనే. ఆ ఫోన్ వాళ్లకి సాయం చేస్తుందా, ఉన్న కాస్త ఓపికని కూడా తినేస్తుందా అన్నది చాలావరకు సెట్టింగ్స్ మీద ఆధారపడి ఉంటుంది. కొత్త ఫోన్ కొనక్కర్లేదు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది సరిపోతుంది.

ఎంఎస్ అనగానే నడక తూలడం, చూపు మసకబారడం, తిమ్మిర్లు, ఇవే గుర్తొస్తాయి. ఆలోచనకి సంబంధించిన ఇబ్బందుల గురించి డాక్టర్ దగ్గర కూడా చాలామంది నోరు విప్పరు. కానీ ఎంఎస్ ఉన్నవాళ్లలో 40 నుంచి 65 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ ఇబ్బంది ఉంటుందని అంచనా. చక్కగా నడిచేవాళ్లలో కూడా ఇది ఉండొచ్చు. అందుకే ఇంట్లోవాళ్లకి అర్థం కాదు. "మనిషి బాగానే ఉందిగా, చెప్పింది వినిపించుకోదంతే" అని తేల్చేస్తారు.

అసలు లోపల ఏం జరుగుతోంది?

మన సైట్ చదివేవాళ్లకి ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. చార్జింగ్ కేబుల్ మీద రబ్బర్ తొడుగు ఉంటుంది కదా, నరాల తీగల మీద అలాంటి తొడుగు ఒకటి ఉంటుంది, దాని పేరు మైలిన్. ఎంఎస్‌లో మన శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని ఈ మైలిన్ మీద దాడి చేస్తుంది. తొడుగు పోయిన చోట సిగ్నల్ నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. కేబుల్‌తో పోలిక ఇక్కడితో ఆపేద్దాం. ఎందుకంటే మెదడు కొంతవరకు తనే రిపేర్ చేసుకుంటుంది, వేరే దారులు వెతుక్కుంటుంది.

దీనివల్ల అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది వేగం. అంటే విన్నదాన్ని, చూసినదాన్ని అర్థం చేసుకోవడానికి పట్టే సమయం. తెలివి తగ్గదు. చిన్నప్పటి సంగతులు, నేర్చుకున్న భాష, చదువు చాలావరకు అలాగే ఉంటాయి. కానీ ముగ్గురు ఒకేసారి మాట్లాడుతుంటే మొదటి మనిషి మాట అర్థమయ్యేలోపు రెండో మనిషి మాట దాటిపోతుంది. సరిగ్గా లోపలికి వెళ్లని మాట తర్వాత గుర్తు రమ్మంటే ఎలా వస్తుంది? చాలామంది "మతిమరుపు" అనేదాంట్లో పెద్ద భాగం ఇదే. దీనికి తోడు కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడం, రెండు పనులు ఒకేసారి చేయడం, ఏ పని ముందు ఏది తర్వాత అని ప్లాన్ చేసుకోవడం కష్టమవుతాయి. నాలుక చివర ఉన్న పదం బయటికి రాదు.

దీన్ని కొలవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, పేరు సింబల్ డిజిట్ మోడాలిటీస్ టెస్ట్. పైన 9 గుర్తులు, ఒక్కో గుర్తుకి ఒక అంకె ఇస్తారు. కింద గుర్తులు మాత్రమే ఉంటాయి, వాటికి అంకెలు చెప్పుకుంటూ పోవాలి. టైమ్ 90 సెకన్లు. అంతే. ఎంఎస్ బయటపడిన తొలి రోజుల్లోనే ఇలాంటి పరీక్ష ఒకసారి చేసి, తర్వాత ఏడాదికోసారి మళ్లీ చేసి పోల్చుకోవాలని 2018లో అమెరికా నిపుణులు సిఫార్సు చేశారు. మీకు ఇప్పటిదాకా ఎవరూ చేయకపోతే న్యూరాలజిస్ట్‌ని అడగండి. ఇంట్లో నెట్‌లో వెతికి ప్రాక్టీస్ మాత్రం చేయకండి, ప్రాక్టీస్ చేస్తే స్కోర్ పెరుగుతుంది, పరీక్ష పనికిరాకుండా పోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఆలోచన మందగించడానికి ప్రతిసారీ ఎంఎస్ ఒక్కటే కారణం అవ్వదు. నిద్ర లేకపోవడం, డిప్రెషన్, యూరిన్ ఇన్‌ఫెక్షన్, థైరాయిడ్, బి12 తక్కువ కావడం, మూత్రం ఆపుకోవడానికి లేదా కండరాల బిగుతుకి వాడే కొన్ని మందులు, ఇవన్నీ బుర్రని మొద్దుబార్చేవే. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌తో సరిపెట్టుకుని ఈ సంగతి డాక్టర్‌కి చెప్పకుండా ఉండొద్దు. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తేడా వస్తే ఇంకా త్వరగా చెప్పాలి.

మన దగ్గర ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. ఒంట్లో వేడి కొద్దిగా పెరిగినా ఎంఎస్ లక్షణాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయి. దీన్ని 1890లో జర్మనీ డాక్టర్ విల్‌హెల్మ్ ఊథోఫ్ గమనించాడు, ఆయన పేరే పెట్టారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బయటికెళ్లి వచ్చి ఆఫీస్ మెయిల్ రాయాలంటే మామూలు మనిషికే కష్టం. కాబట్టి బుర్ర పెట్టాల్సిన పనులు, బ్యాంక్ పనులు, ఫారాలు నింపడం, అన్నీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఒళ్లు చల్లబడితే ఈ తేడా తగ్గిపోతుంది.

ముందు ఫోన్ నోరు మూయించండి

"ఏ యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నా సలహా, మొదటి వారం ఒక్క యాప్ కూడా కొత్తగా వేయకండి. ఉన్నవాటి గొంతు తగ్గించండి. వేగం తగ్గిన మెదడుకి ప్రతి "టింగ్" ఒక అడ్డంకి. మామూలు మనిషి నోటిఫికేషన్ చూసి రెండు సెకన్లలో మళ్లీ పనిలో పడతాడు. ఎంఎస్ ఉన్న మనిషి "ఇందాక ఏం చేస్తున్నాను?" దగ్గర ఆగిపోతాడు.

సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి షాపింగ్, ఫుడ్ డెలివరీ, గేమ్స్, న్యూస్, లోన్ యాప్స్ అన్నిటికీ ఆఫ్ చేసేయండి. ఉండాల్సినవి కాల్స్, ఇంట్లోవాళ్ల మెసేజ్‌లు, క్యాలెండర్, బ్యాంక్. ఆఫీస్ చాట్ ఉంటే పని గంటల్లో మాత్రమే. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ లోపల ఫోకస్ మోడ్ ఉంటుంది, పని టైమ్‌లో ఏ యాప్స్ పాజ్ అవ్వాలో చెప్పి షెడ్యూల్ పెట్టేయొచ్చు. ఐఫోన్‌లో ఫోకస్‌తో పాటు షెడ్యూల్డ్ సమ్మరీ ఉంది. అవసరం లేని నోటిఫికేషన్లన్నీ పోగేసి మీరు చెప్పిన టైమ్‌కి ఒకే కట్టగా ఇస్తుంది.

ఇప్పుడు చాలామందికి తెలియని రెండు సెట్టింగ్స్.

ఒకటి, నోటిఫికేషన్ హిస్టరీ. ఆండ్రాయిడ్ 11 నుంచి ఉంది. ఏదో మెసేజ్ వచ్చింది, చెయ్యి తగిలి పక్కకి పోయింది, ఎవరిదో గుర్తు లేదు. ఇలాంటప్పుడు గత 24 గంటల నోటిఫికేషన్లన్నీ ఇందులో కనిపిస్తాయి. సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, నోటిఫికేషన్ హిస్టరీ, ఆన్. శాంసంగ్‌లో అయితే నోటిఫికేషన్స్ లోపల అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ముందే ఆన్ చేసి ఉంచాలి, ఆన్ చేయకముందు వచ్చినవి చూపించదు. ఐఫోన్‌లో ఈ సదుపాయం లేదు, తీసేసిన నోటిఫికేషన్ పోయినట్టే.

రెండోది, టైమ్ టు టేక్ యాక్షన్. ఆండ్రాయిడ్ 10 నుంచి యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఉంది. స్క్రీన్ మీద "అన్‌డూ" లాంటి బటన్‌తో చిన్న మెసేజ్ వచ్చి మూడు నాలుగు సెకన్లలో మాయమైపోతుంది కదా. చదివేలోపే పోతుంది. ఈ సెట్టింగ్‌తో అది 10 సెకన్ల నుంచి 2 నిమిషాల దాకా ఉండేలా చేయొచ్చు. అన్ని యాప్స్ దీన్ని పాటించవు, కానీ పాటించే చోట ప్రాణం లేచొస్తుంది. ఎక్కడుందో దొరక్కపోతే సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో "టైమ్" అని ఇంగ్లీష్‌లో కొట్టండి. అదే యాక్సెసిబిలిటీలో రిమూవ్ యానిమేషన్స్ కూడా ఆన్ చేయండి, స్క్రీన్లు అటూ ఇటూ జారడం ఆగిపోతుంది. ఎంఎస్‌లో కంటి నరం దెబ్బతిన్నవాళ్లకి దీంతో పాటు పెద్ద అక్షరాలు, హై కాంట్రాస్ట్ కూడా కావాలి.

ఇక హోమ్ స్క్రీన్. ఒకే పేజీ, ఎనిమిది యాప్స్ మించకుండా. వాటి స్థానం మార్చకండి. వేలికి అలవాటైన చోటు గుర్తుపెట్టుకోవడానికి మెదడు పెద్దగా కష్టపడక్కర్లేదు. ఇంకా సింపుల్‌గా కావాలంటే ఐఓఎస్ 17 నుంచి ఐఫోన్‌లో అసిస్టివ్ యాక్సెస్ ఉంది, పెద్ద పెద్ద బటన్లతో కొన్ని యాప్స్ మాత్రమే చూపిస్తుంది. కానీ ఉద్యోగం చేసే మనిషికి అది మరీ ఇరుకు. ఇబ్బంది బాగా ఎక్కువ ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

అన్నీ ఒకే చోట రాయండి, ఆ చోటు ఫోన్ అవ్వాలి

గోడ క్యాలెండర్ మీద గ్యాస్ బుకింగ్, డైరీలో డాక్టర్ డేట్, ఫ్రిజ్ మీద స్టిక్కర్, మిగతావి బుర్రలో. ఇలా నాలుగు చోట్ల ఉంటే "ఎక్కడ రాశాను?" అన్నది గుర్తుపెట్టుకోవడమే అదనపు పని. గూగుల్ క్యాలెండర్ కానీ, ఐఫోన్ క్యాలెండర్ కానీ ఏదో ఒకటి ఎంచుకుని అన్నీ అందులోనే పెట్టండి. భార్యాభర్తలు ఒక క్యాలెండర్ షేర్ చేసుకుంటే ఇంకా మేలు. "ఏమండీ, శనివారం మీ చెల్లెలి వాళ్ల గృహప్రవేశం అని చెప్పాను కదా" అన్న గొడవ సగం అక్కడే తీరిపోతుంది, ఎందుకంటే చెప్పడం బదులు ఇద్దరికీ కనిపించేలా రాసేశారు.

రిమైండర్ ఎలా రాస్తున్నారన్నది కూడా చూసుకోండి. "బ్యాంక్" అని ఒక్క ముక్క రాస్తే సాయంత్రానికి అది దేనికో తెలియదు. "బ్యాంక్‌కి వెళ్లి లాకర్ ఫారం మీద సంతకం చేయాలి, ఫారం నీలం ఫైల్‌లో ఉంది" అని రాయండి. టైప్ చేయడం విసుగైతే జీబోర్డ్‌లో తెలుగు భాష యాడ్ చేసుకుని మైక్ నొక్కి మాట్లాడండి. తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచే ఉంది, ఇప్పుడు మన యాసలు కూడా బాగానే పట్టుకుంటోంది. జెమినీకి తెలుగులో చెప్పి కూడా రిమైండర్ పెట్టించుకోవచ్చు, అయితే పెట్టాక టైమ్ సరిగ్గా ఉందో లేదో స్క్రీన్ మీద ఒకసారి చూసుకోండి. ముఖ్యమైన ప్రతి పనికీ రెండు అలర్ట్‌లు, ముందురోజు ఒకటి, బయల్దేరే టైమ్‌కి ఒకటి. అపాయింట్‌మెంట్ టైమ్‌కి మోగే అలారం ఎందుకూ పనికిరాదు.

అలారం ఆపితే పని అయిపోయినట్టు మెదడు అనుకుంటుంది. ఇది అందరికీ జరిగేదే, ఎంఎస్‌లో మరీ ఎక్కువ. అందుకని ఒక నియమం పెట్టుకోండి: మాత్ర చేతిలోకి వచ్చేదాకా అలారం ఆపకూడదు. కుదరకపోతే స్నూజ్ కొట్టండి, డిస్మిస్ వద్దు.

మందుల విషయంలో ఇది ఆషామాషీ కాదు. ఎంఎస్ మందుల షెడ్యూల్స్ ఒక్కోటి ఒక్కో రకం. రోజూ ఒక మాత్ర, రోజుకి రెండు, వారానికి ఒక ఇంజెక్షన్, వారానికి మూడు ఇంజెక్షన్లు, ఆరు నెలలకోసారి ఆస్పత్రిలో సెలైన్ ద్వారా ఎక్కించేవి. కొన్ని మాత్రలు మధ్యలో కొన్నాళ్లు మానేస్తే మళ్లీ డాక్టర్ పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి. "వేసుకున్నానా లేదా" అని అనుమానం వచ్చి రెండోసారి వేసుకోవడం ఇంకో ప్రమాదం. దీనికి మాత్రం యాప్ కన్నా మెడికల్ షాపులో దొరికే ఏడు గళ్ల మాత్రల డబ్బాకే నా ఓటు. గడి ఖాళీ అంటే వేసుకున్నట్టు. అలారం ఫోన్‌ది, సాక్ష్యం డబ్బాది.

ఇంకో తలనొప్పి. రిమైండర్ పెట్టినా మోగట్లేదని చాలామంది కంప్లైంట్. కారణం చాలాసార్లు ఫోనే. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని కొన్ని బ్రాండ్ల ఫోన్లు వెనక నడిచే యాప్స్‌ని చంపేస్తాయి, మీ రిమైండర్ యాప్ కూడా అందులో పోతుంది. ఆ యాప్ ఐకాన్‌ని నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోకి వెళ్లండి. బ్యాటరీలో "అన్‌రిస్ట్రిక్టెడ్" లేదా "నో రిస్ట్రిక్షన్స్" పెట్టండి. ఆటోస్టార్ట్ అని ఉంటే అదీ ఆన్ చేయండి. క్లీనర్, బూస్టర్ లాంటి యాప్స్ ఉంటే తీసేయండి, వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అంతా అయ్యాక పది నిమిషాల తర్వాత మోగేలా ఒక టెస్ట్ రిమైండర్ పెట్టి, స్క్రీన్ లాక్ చేసి పక్కన పెట్టండి. మోగితేనే ఆ ఫోన్‌ని నమ్మండి.

వాట్సాప్

వాట్సాప్‌లో అపార్ట్‌మెంట్ గ్రూప్, స్కూల్ గ్రూప్, పదో తరగతి బ్యాచ్ గ్రూప్, చుట్టాల గ్రూప్. స్కూల్ ఫీజు లాస్ట్ డేట్ మెసేజ్ నలభై గుడ్ మార్నింగ్‌ల కింద ఉంటుంది. గ్రూపులన్నీ "ఆల్వేస్" మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. పైన మూడు చాట్లు పిన్ చేయండి. ఇంట్లోవాళ్లు ఒకటి, ఆఫీస్‌లో ముఖ్యమైన మనిషి ఒకటి, మూడోది మీకు మీరే. అవును, 2022 చివరి నుంచి మనకి మనమే మెసేజ్ చేసుకునే సదుపాయం ఉంది. బయట ఉన్నప్పుడు ఏది గుర్తొచ్చినా వాయిస్ మెసేజ్‌గానో ఫొటోగానో అందులో పడేయండి, రాత్రి కూర్చుని క్యాలెండర్‌లోకి ఎక్కించండి. పార్కింగ్ పిల్లర్ నంబర్, మీటర్ రీడింగ్, చీటీ మీద రాసిన లెక్క, అన్నీ అందులోకే. స్కూల్ గ్రూప్‌ని రోజుకి ఒకసారి, ఫలానా టైమ్‌కి చూడాలని రిమైండర్ పెట్టుకుంటే చాలు.

ఐఫోన్ రిమైండర్స్‌లో ఒక మంచి ఆప్షన్ ఉంది, ఫలానా మనిషితో చాట్ చేస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తు చెయ్యి అని పెట్టొచ్చు. చెప్పాల్సిన మాట మర్చిపోయేవాళ్లకి భలే ఉపయోగం. కానీ అది యాపిల్ మెసేజెస్‌లోనే పనిచేస్తుంది. మనవాళ్లంతా వాట్సాప్‌లో ఉంటారు. ఏం లాభం!

ఆఫీస్‌లో

పెద్ద ఇబ్బంది మీటింగ్‌లతో. నలుగురు వేగంగా మాట్లాడుతుంటే విని, అర్థం చేసుకుని, రాసుకుని, జవాబివ్వాలి. ఇది ఎంఎస్ మెదడుకి అన్నిటికన్నా కష్టమైన పని. ఆన్‌లైన్ మీటింగ్ అయితే క్యాప్షన్స్ ఆన్ చేయండి, వింటూ చదవొచ్చు. అందరి అనుమతితో రికార్డింగ్, ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టించండి. ఎదురెదురుగా కూర్చునే మీటింగ్ అయితే ఆండ్రాయిడ్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ మాటల్ని అక్షరాలుగా చూపిస్తుంది, తెలుగు కూడా ఎంచుకోవచ్చు. మీటింగ్ అయ్యాక "నా వంతు పనులు ఇవి, సరేనా?" అని ఒక చిన్న మెయిల్ పంపండి. ఎవరూ తప్పు పట్టరు, పైగా పద్ధతిగల మనిషి అంటారు.

ఇక్కడ ఒక సంగతి రాసి తీరాలి. అన్నీ ఫోన్‌కి అప్పగిస్తే మెదడు ఇంకా బద్ధకిస్తుందేమో అని భయపడేవాళ్లు ఉన్నారు. రోజువారీ తేదీలు, లిస్టులు ఫోన్‌కి వదిలేయడంలో తప్పేమీ లేదు, ఆ మిగిలిన ఓపికని నిజంగా నేర్చుకోవాల్సిన వాటి మీద పెట్టొచ్చు. నేర్చుకోవడానికి పద్ధతులు వేరే ఉన్నాయి. అమెరికాలో న్యూజెర్సీలోని కెస్లర్ ఫౌండేషన్ వాళ్లు ఎంఎస్ ఉన్నవాళ్లకి ఒక పద్ధతి నేర్పించి పరీక్షించారు. 5 వారాల్లో 10 క్లాసులు. గుర్తుపెట్టుకోవాల్సిన మాటల్ని ఒక కథగా అల్లడం, ఆ కథని కళ్ల ముందు బొమ్మగా ఊహించుకోవడం, ఇదే శిక్షణ. 2013లో ఫలితాలు ప్రచురించారు, కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడం మెరుగైందని తేలింది. మన అమ్మమ్మలు లెక్కలేనన్ని సంగతులు కథల్లోనే కదా దాచుకున్నది. దీనికి యాప్ అక్కర్లేదు. ఐదు మంది కొత్త కొలీగ్స్ పేర్లు నేర్చుకోవాలంటే వాళ్లందర్నీ ఒక పెళ్లిలో తలా ఒక పనికి పెట్టి ఊహించుకోండి. ఒకడు వడ్డిస్తున్నాడు, ఒకావిడ అక్షింతలు పంచుతోంది. ఎంత వింతగా ఉంటే అంత గట్టిగా అతుక్కుంటుంది. ఇంకో చిట్కా, చదివిందే మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం మేలు. పది నిమిషాల తర్వాత ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి.

మరి బ్రెయిన్ గేమ్స్ సంగతేంటి? ప్లే స్టోర్‌లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ఏ గేమ్ ఆడితే ఆ గేమ్‌లో స్కోర్ పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. అది ఇంటి పనిలోకి, ఆఫీస్ పనిలోకి ఎంత వస్తుందన్నదే ప్రశ్న. 2016లో లుమోసిటీ యాప్ కంపెనీ, మతిమరుపు తగ్గిస్తాం అన్నట్టుగా ప్రకటనలు ఇచ్చినందుకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 20 లక్షల డాలర్లు కట్టి కేసు సెటిల్ చేసుకుంది. అలాగని అంతా బోగస్ అనడం కూడా తొందరపాటే. 2017లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఎంఎస్ ఉన్న 135 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో 12 వారాలు ఆన్‌లైన్ బ్రెయిన్ ట్రైనింగ్, ఇంకో గుంపుతో మామూలు కంప్యూటర్ గేమ్స్ ఆడించారు. ట్రైనింగ్ గుంపు పరీక్షల్లో ఎక్కువ మెరుగుపడింది. కానీ అది వారానికి ఐదు రోజులు, రోజుకి గంట చొప్పున పెట్టిన లక్ష్యం. బస్సులో ఐదు నిమిషాలు గేమ్ ఆడితే అదే ఫలితం వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఏడాది సబ్‌స్క్రిప్షన్ ముందే కట్టేయకండి.

వంటింట్లో, రోడ్డు మీద

కుక్కర్ విజిల్స్ లెక్క మర్చిపోవడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పప్పు మాడిపోయాక అత్తగారి ముందు నిలబడ్డవాళ్లకి తెలుస్తుంది. విజిల్స్ లెక్కపెట్టడం అంటే వేరే పని చేస్తూ ఒక అంకెని బుర్రలో మోయడం, సరిగ్గా ఎంఎస్‌లో కష్టమయ్యేది అదే. లెక్క మానేసి టైమర్ పెట్టండి. మీ కుక్కర్‌లో మూడు విజిల్స్‌కి ఎన్ని నిమిషాలు పడుతుందో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. చేతులు పిండిలో ఉంటే ఫోన్‌కి నోటితో చెప్పొచ్చు. స్టవ్ ఆపడం మర్చిపోతుంటే టైమర్ ఉన్న ఇండక్షన్ స్టవ్ మంచిది, టైమ్ అవగానే దానంతట అదే ఆగిపోతుంది. ఫోన్‌లో పెట్టిన ఏ టైమర్ కూడా గ్యాస్ కట్టేయలేదు.

నడుస్తూ ఫోన్ మాట్లాడకండి. ఎంఎస్‌లో నడకకి కూడా మెదడు శ్రద్ధ ఎక్కువ కావాలి, ఆ శ్రద్ధ మాటల్లోకి పోతే కాలు తడబడుతుంది. మెట్ల మీద అసలొద్దు. ఆగి, పక్కన నిలబడి మాట్లాడండి.

తాళాలు, పర్సు ఎక్కడ పెట్టామో తెలియని వాళ్లకి బ్లూటూత్ ట్యాగ్స్ నిజంగా డబ్బుకి తగ్గ వస్తువు. కొనేముందు ఒక్కటి చూసుకోండి. ఎయిర్‌ట్యాగ్ ఐఫోన్‌తోనే సెటప్ అవుతుంది, స్మార్ట్‌ట్యాగ్ శాంసంగ్ గెలాక్సీ ఫోన్లతోనే పనిచేస్తుంది. వేరే ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే గూగుల్ ఫైండ్ నెట్‌వర్క్‌కి సపోర్ట్ ఉన్న ట్యాగ్ తీసుకోండి. స్మార్ట్‌వాచ్ కొనాలా? మణికట్టు మీద వైబ్రేషన్‌తో రిమైండర్ వస్తే మిస్సవ్వరు, ఆఫీస్‌లో పక్కవాళ్లకి తెలియదు. ఆ ఒక్క పనికే అయితే తక్కువ ధర బ్యాండ్ సరిపోతుంది. అన్ని యాప్స్ నోటిఫికేషన్లూ వాచ్‌కి పంపారంటే మాత్రం మొదటికొచ్చినట్టే.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఈ ఆర్టికల్‌లో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి. ఫోన్‌లో మోసం చేసేవాళ్ల ఆయుధం తొందర. "ఇప్పుడే చెయ్యకపోతే అకౌంట్ బ్లాక్ అవుతుంది", "సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు". మామూలువాళ్లే కంగారులో పడిపోతున్నారు. అర్థం చేసుకోవడానికి ఇంకొంచెం టైమ్ కావాల్సిన మనిషికి ఇది రెట్టింపు ప్రమాదం. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. వీటన్నిటికన్నా పనికొచ్చేది ఒకే మాట, ముందే కాగితం మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకోండి: "నేను ఇంట్లో అడిగి మళ్లీ చేస్తాను." అది చదివి కాల్ కట్ చేయండి. వాదించక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ దొరికే అవకాశం తగ్గుతుంది.

ఒకే బిల్లు రెండుసార్లు కట్టేయడం కూడా మామూలే. కరెంట్, ఇంటర్నెట్ లాంటివి ఆటోపేలో పెట్టేయండి. మిగతావాటికి పే నొక్కేముందు హిస్టరీ చూడటం అలవాటు చేసుకోండి. యూపీఐకి ఒక చిన్న ఖాతా విడిగా ఉంచి, అందులో నెల ఖర్చు మాత్రమే వేసుకుంటే పొరపాటు జరిగినా నష్టం అంతటితో ఆగుతుంది.

ఎవరికి చెప్పాలి?

ఇంట్లోవాళ్లకి చెప్పండి. "నాకు మతిమరుపు" అంటే నవ్వేసి "మాకూ అంతే" అంటారు. దాని బదులు ఏం చేయాలో చెప్పండి: "ఒక్కోటి చెప్పు, టీవీ ఆపి చెప్పు, ముఖ్యమైనది మెసేజ్ పెట్టు." ఇది ఎవరైనా చేయగలిగే పని.

ఆఫీస్‌లో చెప్పాలా వద్దా అన్నది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది, తొందరపడొద్దు. కానీ మీ హక్కు తెలుసుకుని ఉండండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు నేరుగా ఉంది. సర్టిఫికెట్ కోసం యూడీఐడీ పోర్టల్‌లో ఫోన్ నుంచే అప్లై చేయొచ్చు. మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లో శాఖ ఉంది. ఇదే జబ్బుతో ఉద్యోగం నెట్టుకొస్తున్నవాళ్లతో ఒక గంట మాట్లాడితే దొరికే చిట్కాలు ఏ రివ్యూలోనూ దొరకవు.

ఇక డాక్టర్. అపాయింట్‌మెంట్ గదిలోకి వెళ్లగానే అడగాలనుకున్నవన్నీ ఎగిరిపోతాయి. కాబట్టి ఇప్పుడే ఫోన్‌లో "డాక్టర్‌కి" అని ఒక నోట్ తెరవండి. ఏదైనా జరిగిన రోజే తేదీతో రాయండి. "బాగా మర్చిపోతున్నాను" అని కాకుండా "12వ తేదీ, రోజూ వెళ్లే దారిలో మలుపు తప్పాను, ముందురోజు రాత్రి నిద్ర లేదు" అన్నట్టుగా. వాడుతున్న మందులన్నిటి స్ట్రిప్‌లు ఫొటో తీసి అదే నోట్‌లో పెట్టండి, నిద్ర మాత్రలు, ఆయుర్వేదం మందులతో సహా. లోపలికి వెళ్లాక ఫోన్ డాక్టర్ చేతికిచ్చేయండి, చదువుకుంటారు. ఆయన చెప్పేది రికార్డ్ చేసుకోవచ్చా అని అడగండి.